సీమలో కంటైనర్ ట్రైలర్ కొనేముందు: ఏ లైను, ఏ బండి, ఎవరి కింద

తాడిపత్రిలో లారీ ఓనర్ల లెక్కలు రాసే పని నాది. బండల ఫ్యాక్టరీలకు, సిమెంటుకు తిరిగే బండ్ల కిరాయి, డీజిల్, కంతులు అన్నీ నా పుస్తకాల్లోంచే పోతాయి. ఈమధ్య వచ్చేవాళ్లలో చాలామంది అడుగుతున్నది ఒకటే: "అన్నా, సిమెంటు లారీ అమ్మేసి కంటైనర్ ట్రైలర్ కొంటే ఎట్లుంటుంది?" అడిగేవాళ్లలో పదేళ్లు డ్రైవర్‌గా చేసి సొంత బండి మీద ఆశపడ్డవాళ్లున్నారు. నాన్న పొలం మీద అప్పు తెచ్చి ఇస్తానంటే తొందరపడుతున్న కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లకు విడివిడిగా చెప్పే మాటలను ఒక్కచోట పెడుతున్నాను.

షోరూముకు పోయేలోగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ఊరి పక్కన ఏ సరుకు కంటైనర్‌లోకి ఎక్కుతుంది? దానికి ఖాళీ బాక్సు ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఖాళీ కిలోమీటర్లకు డబ్బు ఎవరిస్తారు? ఇవి తేలితే ఎన్ని టైర్ల బండి కావాలో, కొత్తదా పాతదా, ఎవరి కింద అటాచ్ పెట్టాలో (ఏ కంపెనీ లోడ్లకు బండిని అప్పజెప్పాలో) వాటంతట అవే తేలతాయి. చాలామంది ముందు బండి కొని, తర్వాత లోడు వెతుక్కుంటారు. అలా మొదలైన లెక్కల్లో రెండో ఏడాదికే కంతు బాకీ కనిపిస్తుంది.

మామూలు లారీకీ దీనికీ తేడా

సిమెంటు లారీకి లోడెత్తుకుని దించి వస్తే పని అయిపోతుంది. కంటైనర్‌లో బాక్సు మీది కాదు, షిప్పింగ్ లైనుది, అంటే ఓడల కంపెనీది. ఎగుమతి సరుకైతే ముందు చెన్నైలో లైను చెప్పిన యార్డుకు పోయి ఖాళీ బాక్సు ఎత్తుకోవాలి. దాన్ని తాడిపత్రికో రైల్వే కోడూరు వైపుకో తెచ్చి, ఫ్యాక్టరీలో నింపించి, సీలు వేయించి, కటాఫ్ టైములోగా (ఆ ఓడకు బాక్సులు తీసుకునే గడువులోగా) పోర్టు గేటు దాటించాలి. దిగుమతి అయితే దీనికి తిరగబడి ఉంటుంది. పోర్టులోనో సీఎఫ్‌ఎస్‌లోనో (పోర్టు బయట బాక్సులు ఉంచే గోదాములోనో) నిండు బాక్సు ఎత్తుకుని ఫ్యాక్టరీలో ఖాళీ చేయించి, ఖాళీ బాక్సును మళ్లీ యార్డుకు అప్పజెప్పాలి. ఎటు చూసినా ఒక దోవ ఖాళీయే. అందుకే ఈ పనిలో కిరాయి రానూపోనూ కలిపే మాట్లాడుకుంటారు. "టన్నుకు ఇంత" అన్న లెక్క అలవాటైనవాళ్లు ఇక్కడ ముందుగా తడబడతారు.

రెండో తేడా టైము. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక పూట ఆగితే విసుక్కుంటాం. చెన్నైలో యార్డు దగ్గర క్యూ, పోర్టు జీరో గేటు దగ్గర క్యూ, ఊళ్లోకి పెద్ద బండ్లను వదలని గంటలు, పోర్టులోకి పోవడానికి కావాల్సిన ఫారం 13 రాలేదని ఒక ఆగడం, కస్టమ్స్ వాళ్లు బాక్సు తెరవమంటే ఇంకొకటి. తాడిపత్రి నుంచి చెన్నై దాదాపు 370 కిలోమీటర్లు. ఆ దూరం ఒక రాత్రి, ఒక పూట డ్రైవింగ్. ట్రిప్పు మాత్రం నాలుగైదు రోజులు. బండి తిరిగే గంటల కన్నా నిలబడే గంటలే ఎక్కువన్నమాట. ఈ నిలబడే గంటలకు రూపాయి వస్తుందా రాదా అన్నదే మీ లాభనష్టాలను తేలుస్తుంది. కిరాయిలో వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామన్నవాడి కన్నా, రెండో రోజు నుంచి హాల్టింగ్ రాసిస్తామన్నవాడే మీకు మేలు చేసేవాడు.

మూడోది బాక్సు బాధ్యత. యార్డు నుంచి ఎత్తేటప్పుడు ఇచ్చే ఈఐఆర్ చీటీలో బాక్సు ఎలా ఉందో రాస్తారు. సొట్టలు, చిల్లులు, విరిగిన తలుపు కడ్డీలు ఆ చీటీలో లేకుండా మీరు ఎత్తుకొస్తే, తిరిగిచ్చేటప్పుడు అవి మీ లెక్కలో పడతాయి. ఫోనులో నాలుగు వైపులా, లోపల, పైన ఫోటోలు తీసుకోండి. లోపలికి పోయి తలుపు మూయించుకుని చూస్తే పైకప్పు చిల్లు వెలుతురుగా కనబడుతుంది. ఇంకొకటి, మీ బండి ఇన్సూరెన్సు బాక్సుకు గానీ లోపలి సరుకుకు గానీ వర్తించదు. ఆ బీమా ఎవరు తీసుకున్నారో ఒప్పుకునేముందే అడగాలి.

మన చుట్టూ ఉన్న లైన్లు

లైను అంటే ఇక్కడ బండి తిరిగే దారి, ఆ దారిలో దొరికే సరుకు. పెనుకొండ వైపు మొదట చెబుతాను. 44వ నంబరు రహదారి పక్కన ఎర్రమంచి దగ్గర కియా 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టాక, దాని చుట్టూ విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటికి సముద్రం మీదుగా వచ్చే సామాను 40 అడుగుల బాక్సుల్లో వస్తుంది. ఈ సరుకు తేలిక, చోటు ఎక్కువ తీసుకుంటుంది. చెన్నై నుంచి దారిని బట్టి 400 నుంచి 470 కిలోమీటర్లు. బెంగళూరు మీదుగా పోతే రోడ్డు బాగుంటుంది, టోల్ ఎక్కువ. కదిరి, మదనపల్లె, చిత్తూరు మీదుగా పోతే దూరం తగ్గుతుంది, డ్రైవర్ అలసట పెరుగుతుంది. ఈ లైనులో నాకు నచ్చేది క్రమం. ఫ్యాక్టరీ నడుస్తున్నంత కాలం బాక్సులు వస్తూనే ఉంటాయి, దించుకోవడమూ చకచకా జరుగుతుంది. నచ్చనిది ఒకటుంది: ఈ పని పెద్ద కంపెనీల చేతిలో ఉంటుంది. ఒక్క బండి ఓనరు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి నేరుగా పోలేడు, ఎవరో ఒకరి కింద అటాచ్ కావాల్సిందే.

తాడిపత్రి బండలు, గ్రానైటు పలకలు, పాత కడప జిల్లాలోని మంగంపేట బెరైటీస్ పొడి పూర్తిగా వేరే కథ. ఇవి బరువు సరుకులు. 20 అడుగుల బాక్సు సగం కూడా నిండకముందే తూకం అయిపోతుంది. బెరైటీస్ చమురు బావుల తవ్వకంలో వాడతారు గనక, ఆ దేశాల నుంచి ఆర్డర్లు ఉన్నప్పుడు పని ముమ్మరంగా ఉంటుంది, లేనప్పుడు నెలలు ఖాళీ. రాయి కూడా అంతే. విదేశాల్లో ఇళ్లు కట్టడం మందగిస్తే ఇక్కడ పాలిష్ మిషన్లు ఆగుతాయి. ఈ లైనులో ఎగుమతిదారు మనకు తెలిసినవాడే అయి ఉంటాడు. మాట్లాడుకోవచ్చు, డబ్బు అడగొచ్చు. కానీ "ఇంకో రెండు టన్నులు వేసుకో అన్నా, కాటా దగ్గర మనవాళ్లే" అన్న ఒత్తిడీ ఇక్కడే ఎక్కువ. దాని సంగతి కింద బండి దగ్గర చెబుతాను.

కృష్ణపట్నం దగ్గర కదా అని అడుగుతారు. నిజమే, 67వ నంబరు రహదారి గుత్తి, తాడిపత్రి, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు మీదుగా నేరుగా అక్కడికే పోతుంది. కానీ ఆ పోర్టు బలం బొగ్గు లాంటి బల్క్ సరుకులో ఉంది. 2024 నుంచి అక్కడి కంటైనర్ పని మీద నమ్మకం సడలింది. దాన్ని నమ్ముకుని బండి కొనమని నేను చెప్పను. చెన్నై, కాటుపల్లి, ఎన్నూరు లెక్కలోనే చూసుకోండి. కృష్ణపట్నం వైపు పని దొరికితే అది అదనం.

అరటి గురించి తప్పకుండా అడుగుతారు. పుట్లూరు, యల్లనూరు, నార్పల, పులివెందుల వైపు జీ9 అరటి గల్ఫ్ దేశాలకు పోతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ పోర్టుకు రీఫర్ (సరుకును చల్లగా ఉంచే) కంటైనర్లతో ప్రత్యేక రైలే నడిచింది. ఇంత సరుకు మన కళ్లముందే ఉంటే ఆశ పుడుతుంది. అయినా మొదటి బండిగా రీఫర్ పనికి నేను ఒప్పుకోను. అరటిని 13, 14 డిగ్రీల మధ్య ఉంచుతూ పోవాలి. దారిలో చల్లదనం తప్పకుండా ఉండాలంటే ట్రైలర్‌కు జెన్‌సెట్ (కరెంటు జనరేటర్) కావాలి. అది దారిలో ఆగితే ఆ వేళకాని వేళలో దాన్ని బాగుచేసే మనిషి దొరకాలి. కాయ పండిపోతే ఆ నష్టం మీ ఒక్క ఏడాది మిగులును మింగేస్తుంది. పైగా జేఎన్‌పీటీ దూరం వేరు, తిరుగు లోడు లెక్క వేరు. ఒక బండి కంతు తీరాక, రీఫర్ మెకానిక్ ఒకడు నమ్మకంగా దొరికాక చూడండి.

కర్నూలు వాళ్లకు నేను చెప్పేది కొంత నిరుత్సాహంగా ఉంటుంది. ఓర్వకల్లు వైపు పరిశ్రమలు వస్తున్నాయి, ఆదోని పత్తి ఉంది. అయినా ఒక్క కంటైనర్ బాక్సు మీదే బతికేంత క్రమమైన పని కర్నూలు ఊరి నుంచి నాకు కనబడదు. చెన్నై దూరం ఎక్కువ, హైదరాబాదు ఐసీడీకి (సముద్రానికి దూరంగా ఉండే కంటైనర్ డిపోకు) వచ్చే బాక్సులు అక్కడి బండ్లకే సరిపోతాయి. కర్నూలులో ఉండేవాళ్లు ఫ్లాట్‌బెడ్ (చదునైన అడుగున్న) ట్రైలర్ తీసుకుని హైదరాబాదు, బెంగళూరు మధ్య ఇనుము, పైపులు తోలుతూ, బాక్సు దొరికినప్పుడు బాక్సు ఎత్తుకోవడం మంచిది.

ఇక అసలు కంటైనరే వద్దనుకుంటే? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, బేతంచెర్ల చుట్టూ సిమెంటు ఉంది. కిరాయి తక్కువే, పోటీ ఎక్కువే, వానాకాలంలో పని పడిపోతుంది. కానీ ట్రిప్పులు దగ్గరివి, వారానికి రెండు మూడు రాత్రులు ఇంట్లో పడుకోవచ్చు. చిన్న పిల్లలున్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకు బాగోలేనివాళ్లు ఈ మాటను తేలిగ్గా తీసిపారేయొద్దు. నేను చూసిన చాలా బండ్లు డబ్బు రాకపోవడం వల్ల అమ్ముడుపోలేదు, ఓనరు ఇంటికి దూరమైపోయి అమ్ముడుపోయాయి.

బండి: టైర్లు, టన్నులు, కంతు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

కేంద్రం 2018 జులైలో యాక్సిల్ బరువులు పెంచాక మన మార్కెట్లో ట్రైలర్లు మూడు తరగతుల్లో దొరుకుతున్నాయి. ముందుండి లాగే ఇంజను బండిని గుర్రం అంటాం. రెండు యాక్సిళ్ల గుర్రానికి రెండు యాక్సిళ్ల ట్రైలర్ తగిలిస్తే 14 టైర్లు, మొత్తం 39.5 టన్నులు. అదే గుర్రానికి మూడు యాక్సిళ్ల ట్రైలర్ అయితే 18 టైర్లు, 45.5 టన్నులు. మూడు యాక్సిళ్ల గుర్రం, మూడు యాక్సిళ్ల ట్రైలర్ అయితే 22 టైర్లు, 55 టన్నులు. ఈ టన్నుల్లో బండి బరువు, బాక్సు బరువు, సరుకు బరువు అన్నీ కలిసే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 14 టైర్ల బండి ఖాళీ బరువు ట్రైలర్‌తో కలిపి 13 టన్నుల చుట్టూ ఉంటుంది. 39.5 లోంచి తీసేస్తే 26.5. అందులో 20 అడుగుల ఖాళీ బాక్సే 2.2 టన్నుల పైన. అంటే సరుకు 24 టన్నుల దగ్గర ఆగిపోవాలి. రాయి, బెరైటీస్ ఎగుమతిదారులు 26, 27 టన్నులు వేయాలని చూస్తారు. ఆ లైనుకు 14 టైర్ల బండి పెట్టారంటే ప్రతి ట్రిప్పూ ఓవర్‌లోడే. 18 టైర్ల బండి ఖాళీ బరువు 14 టన్నులనుకుంటే, బాక్సు పోను 29 టన్నుల దాకా చోటు ఉంటుంది. బాక్సు మొత్తం బరువు తలుపు మీద రాసి ఉంటుంది, చాలా బాక్సులకు 30,480 కిలోలు. దాన్ని దాటకపోతే 18 టైర్లు చాలు. పెనుకొండ లైనులో 40 అడుగుల బాక్సు ఖాళీగా 4 టన్నులకు అటూఇటూ, లోపల తేలిక సామాను. అక్కడ 14 టైర్లకు మించి కొనడం నాలుగు టైర్ల ఖర్చు ఊరికే మోయడమే. 22 టైర్ల బండి కంటైనర్ ఒక్కదాని కోసం కొనేవాళ్లను నేను ఆపుతాను. బాక్సే 30 టన్నులకు మించదు కదా, ఆ అదనపు శక్తికి కిరాయి ఎవరిస్తారు?

మీ ఆర్సీలో ఉన్న ఖాళీ బరువే ఈ లెక్కకు ఆధారం. నేను చెప్పినవి ఉజ్జాయింపు. కొనబోయే బండిని ఒకసారి కాటా ఎక్కించి చూడండి. పాత ట్రైలర్లకు వెల్డింగులు, అదనపు ఇనుము పడి ఒక టన్ను పెరిగి ఉంటుంది.

ఓవర్‌లోడు మీద గట్టిగా చెబుతున్నాను. 2019 సెప్టెంబరు నుంచి జరిమానా 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు, అదనపు సరుకు దింపించే ఖర్చు వేరే. రెండు టన్నులకు 24 వేలు. సీలు వేసిన ఎగుమతి బాక్సును రోడ్డు మీద తెరిచి సరుకు దింపడం ఎంత గొడవో ఆలోచించండి, కటాఫ్ పోయినట్టే. పైగా 2016 జులై నుంచి బాక్సు తూకం ముందుగా ప్రకటించకుండా ఓడలోకి ఎక్కించరు. కాబట్టి ఫ్యాక్టరీ పక్కన కాటా చీటీ తీసుకోకుండా కదలొద్దు. ఎవరెంత బతిమాలినా సరే. రాయలచెరువు దిగుడుల్లో, గువ్వలచెరువు ఘాట్‌లో బ్రేకు పట్టకపోతే ఆ రెండు టన్నులు అడిగినవాడు పక్కన ఉండడు.

ట్రైలర్ రకం సంగతి. స్కెలిటన్ అంటే బాక్సు కూర్చునే చట్రం మాత్రమే ఉంటుంది. తేలిక, కొంచెం చవక, బాక్సు తప్ప ఇంకేదీ ఎక్కదు. ఫ్లాట్‌బెడ్‌కు ట్విస్ట్ లాకులు (బాక్సు మూలలను పట్టి ఉంచే తాళాలు) పెట్టించుకుంటే బాక్సూ ఎక్కుతుంది, పైపులూ ఎక్కుతాయి. సీమలో ఒక్క బండి ఓనరుకు ఫ్లాట్‌బెడ్డే నా సలహా. బెరైటీస్ ఆర్డర్లు ఆగినా, పెనుకొండలో ఫ్యాక్టరీని మెయింటెనెన్సుకు ఆపినా, మీ బండి ఇంటి ముందు నిలబడకూడదు. ఏడాది ఒప్పందం చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం స్కెలిటన్ బాగుంటుంది. ఏది తీసుకున్నా లాకులు సరిగ్గా తిరుగుతున్నాయా, బాక్సు మూలలకు పట్టుకుంటున్నాయా అని ప్రతి ట్రిప్పులో చూసుకోండి. లాకు వేయకుండా చైనుతోనో బరువు మీదో నమ్మకం పెట్టుకుని తోలే డ్రైవర్లున్నారు. మలుపులో బాక్సు జారి పక్క ఆటో మీద పడితే ఎన్ని ఇళ్లు ఆరిపోతాయో చెప్పనక్కర్లేదు.

కొత్తదా, పాతదా? కొత్త 18 టైర్ల జత 40 లక్షల చుట్టూ ఉందనుకుందాం. 36 లక్షలు అప్పు, పదిన్నర శాతం వడ్డీ, 60 నెలలు. కంతు నెలకు 77 వేలు దాటుతుంది. పాత బండికి 14 లక్షలు అప్పు, 14 శాతం, 36 నెలలు అనుకుంటే 48 వేలు. వడ్డీ ఎక్కువ అని పాతదాన్ని వద్దనుకునేవాళ్లు ఈ తేడా చూడాలి. నెలకు ఆరు ట్రిప్పులు పడితే కొత్త బండి కంతు ట్రిప్పుకు 13 వేలు. పోర్టులో ఇరుక్కుని నాలుగే పడితే 19 వేలు. పాత బండికి అవే 8 వేలు, 12 వేలు. అంటే ట్రిప్పులు తగ్గే నెలలను తట్టుకునే శక్తి పాత బండికే ఎక్కువ. అయితే ఇంజను, గేర్‌బాక్సు మీకు తెలిసిన మెకానిక్ విప్పి చూశాకే కొనాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండి అయితే యూరియా ద్రవం ఖర్చు, సెన్సర్ల ఖర్చు కలుపుకోవాలి. పదేళ్లు దాటిన బండి వైపు పోవద్దు. 2025 నవంబరులో కేంద్రం పాత బండ్ల ఫిట్‌నెస్ ఫీజులు బాగా పెంచింది, నేషనల్ పర్మిట్‌కు కూడా వయసు పరిమితి ఉంది. ఐదారేళ్ల బండి, ఒకే ఓనరు చేతిలో నడిచింది, దానికి వెతకండి.

నడిపే ఖర్చు కూడా చెప్పేస్తాను. తాడిపత్రి, చెన్నై రానూపోనూ 740 కిలోమీటర్లు. ఖాళీ బాక్సుతో లీటరుకు నాలుగున్నర, లోడుతో మూడు పైచిలుకు వస్తుందనుకుంటే 200 లీటర్లు. లీటరు 95 చొప్పున 19 వేలు. తమిళనాడులో, కర్ణాటకలో డీజిల్ మన దగ్గర కన్నా చవక, కాబట్టి ట్యాంకు ఎక్కడ నింపాలో డ్రైవర్‌కు చెప్పండి. టైర్లను ఎవరూ లెక్కలో వేయరు. 18 టైర్లు, ఒక్కోటి 22 వేలు, 90 వేల కిలోమీటర్లు నడుస్తాయనుకుంటే కిలోమీటరుకు నాలుగు రూపాయల పైన. ట్రిప్పుకు 3 వేలు దాటుతుంది. ఆ 3 వేలను ట్రిప్పు డబ్బు వచ్చిన రోజే వేరే ఖాతాలో వేసేవాళ్లు నా దగ్గర కొద్దిమందే ఉన్నారు. టైర్లు మార్చాల్సిన నెలలో అప్పు కోసం తిరగనిదీ ఆ కొద్దిమందే. దీనికి టోల్, బత్తా, డ్రైవర్ జీతం, యార్డు ఖర్చులు, ఇన్సూరెన్సు కలుపుకోండి. ఎవరైనా కిరాయి చెబితే అక్కడికక్కడే మీ చేతి లెక్కతో సరిచూడగలగాలి.

ఎవరి కింద?

బ్రోకర్ ద్వారా ఏ రోజుకు ఆ రోజు లోడెత్తడం ఒక దారి. సీజన్‌లో కిరాయి బాగా వస్తుంది, అడ్వాన్సు చేతికి వస్తుంది. కానీ కంటైనర్‌లో కాగితాలు ఎక్కువ, ఎక్కడ ఆలస్యమైనా బ్రోకర్ ఫోను ఎత్తడు. హాల్టింగ్ ఎవరిస్తారన్నది తేలదు. ఫ్లాట్‌బెడ్ మీద ఇనుము తోలడానికి బ్రోకర్ చాలు. బాక్సుకు మాత్రం సరిపోడు.

నేరుగా ఎగుమతిదారుతో పెట్టుకోవడం ఇంకో దారి. తాడిపత్రిలో మీకు తెలిసిన బండల ఫ్యాక్టరీ నెలకు నాలుగు బాక్సులు పంపుతుంటే, ఆ నాలుగూ మీవే కావొచ్చు. మధ్యలో కమీషన్ ఉండదు. బాకీలు మాత్రం సాగుతాయి. ఇక్కడ మీకు చట్టం తోడుంది, చాలామందికి తెలియదు. ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకున్న చిన్న సంస్థగా మీరు బిల్లు ఇస్తే, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు కొనుగోలుదారు డబ్బు చెల్లించాలి. దాటితే ఆ ఖర్చును చెల్లించేదాకా ఆదాయపు పన్నులో చూపుకోలేడు. ఇది 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లో ఉంది. ఫ్యాక్టరీ ఆడిటరే మార్చి నెలలో మీ బాకీ గుర్తుచేస్తాడు. రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు.

మూడోది చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న కంటైనర్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ కింద అటాచ్ పెట్టడం. కాగితాలు వాళ్లవి, లోడు వాళ్లది, డీజిల్ కార్డు ఇస్తారు. బ్యాలెన్సు నెల, నెలన్నర తర్వాత. కిరాయి తక్కువ. కొత్తవాళ్లకు నేను చెప్పేది మొదటి ఏడాది ఇదే. పోర్టు పని ఎలా నడుస్తుందో, ఏ యార్డులో ఎంత ఆలస్యమో, ఏ కాగితం ఎక్కడ కావాలో వాళ్ల ఖర్చుతో నేర్చుకుంటారు. ఒప్పందంలో చూసుకోవాల్సినవి ఇవి: హాల్టింగ్ ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, ఎంత ఇస్తారు, యార్డు మారితే అదనపు కిలోమీటర్లకు ఏమిస్తారు, నెలకు కనీసం ఇన్ని ట్రిప్పులు లేదా ఇన్ని కిలోమీటర్లు అని రాసిస్తారా, షిప్పింగ్ లైను వేసే డిటెన్షన్ (బాక్సు ఆలస్యంగా తిరిగిచ్చినందుకు పడే రుసుము) ఎవరి మీద పడుతుంది, ఒప్పందం వదిలేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. నోటి మాటకు ఒప్పుకోవద్దు. కనీస ట్రిప్పుల మాట రాసివ్వని కంపెనీ, తన బండ్లకు లోడు లేనప్పుడు మీ బండినే ముందు ఆపుతుంది.

వాళ్ల దగ్గర అడిగి చూడాల్సిన ఇంకో మంచి సంగతి ఉంది. పెనుకొండలో ఖాళీ అయిన బాక్సును చెన్నైకి ఊరికే తీసుకుపోకుండా, షిప్పింగ్ లైను ఒప్పుకుంటే హిందూపురంలోనో తాడిపత్రిలోనో ఎగుమతి సరుకు నింపి తీసుకుపోవచ్చు. ఒకే ట్రిప్పులో రెండు వైపులా నిండు బాక్సు. బాక్సు అదే లైనుది కావాలి, సైజు సరిపోవాలి, శుభ్రంగా ఉండాలి. పెనుకొండ బాక్సులు ఎక్కువగా 40 అడుగులవి, బండలకు 20 అడుగులవి కావాలి గనక ప్రతిసారీ కుదరదు. నెలకు ఒక్కసారి కుదిరినా ఆ నెల మిగులు వేరుగా ఉంటుంది. లైన్లతో ఈ మాట మాట్లాడగలిగే కంపెనీ దొరికితే కిరాయి కాస్త తక్కువైనా పట్టుకోండి.

నా మాటగా ఎవరికి ఏది

అనంతపురం, ధర్మవరం, హిందూపురం వైపు ఉండి, ట్రైలర్ తోలడం మీకే వచ్చి ఉంటే: ఐదారేళ్ల 14 టైర్ల ఫ్లాట్‌బెడ్, ట్విస్ట్ లాకులతో, పెనుకొండ లైను, అటాచ్. మీరే డ్రైవర్. రెండో ఏడాదికి ఎగుమతి బాక్సుల వైపు చూడండి.

తాడిపత్రి, కడప, రాజంపేట వైపు ఉండి ఎగుమతిదారులు తెలిసి ఉంటే: 18 టైర్లు, నేరుగా ఎగుమతిదారు పని సగం, కంపెనీ పని సగం. ఒక్క ఫ్యాక్టరీ మీదే ఆధారపడొద్దు. రాయి ఒకటి, బెరైటీస్ ఒకటి ఉంటే ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తుంది.

డ్రైవర్‌ను పెట్టుకుని, మీరు ఊళ్లో ఉండి నడపాలనుకుంటే: కంటైనర్ వద్దు. నిజంగా చెబుతున్నాను. చెన్నైలో మూడు రోజులు నిలబడ్డ బండికి మీరు ఫోనులో ఏమీ చేయలేరు. డ్రైవర్ అలిసిపోయి, బత్తా చాలక వదిలేసి పోతాడు. సిమెంటు లేదా దగ్గరి లోడ్లు తీసుకోండి. లేదా అల్లుడో తమ్ముడో ఆ బండితో బతకాలనుకునేవాడై ఉండాలి.

చేతిలో ఐదు లక్షల కన్నా తక్కువ ఉండి మిగతాదంతా అప్పయితే: ఇంకో ఏడాది డ్రైవర్‌గానే చేయండి, కంటైనర్ కంపెనీలోనే. రావాల్సిన బ్యాలెన్సు రెండు నెలలు ఆగినా డీజిల్ కొట్టించుకునే డబ్బు లేనివాడు మూడో నెలలో వడ్డీ వ్యాపారి చేతిలో పడతాడు. బండి కొన్న రోజున, రెండు నెలల కంతు, రెండు ట్రిప్పుల డీజిల్ విడిగా బ్యాంకులో ఉండాలి. ఇది లేకుండా సంతకం పెట్టొద్దని మా వాళ్లకు చేతులు పట్టుకుని చెబుతుంటాను.

మొదటి ట్రిప్పుకు ముందు కాగితాలు

ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గుర్రానికీ ట్రైలర్‌కూ విడివిడిగా చూసుకోండి. గుర్రానికి నేషనల్ పర్మిట్, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ట్రైలర్ కాగితాలు లేకుండా పాత బండ్లు అమ్మేవాళ్లున్నారు. ఫాస్టాగ్‌లో బండి తరగతి సరిగ్గా ఉందో లేదో చూడండి, యాక్సిళ్లు తప్పుగా పడితే టోల్ గేటు దగ్గర గొడవ.

ఈ-వే బిల్లు మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. పోర్టు దగ్గర ఆగిపోతే గడువు దాటుతుంది. గడువుకు ముందో తర్వాతో ఎనిమిది గంటల్లోపు పొడిగించుకోవాలి. ఈ పని ఎవరు చేస్తారో, కంపెనీవాళ్ల నంబరు ఏదో డ్రైవర్ దగ్గర ఉండాలి.

పన్ను సంగతి అనవసరంగా భయపెట్టేవాళ్లున్నారు. పది బండ్లలోపు ఉన్నవాళ్లకు ఆదాయపు పన్నులో ఉజ్జాయింపు ఆదాయం పద్ధతి (1961 చట్టంలో 44ఏఈ) కింద 12 టన్నులు దాటిన బండికి నెలకు టన్నుకు వెయ్యి చొప్పున ఆదాయం చూపితే చాలు, లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. ఆర్సీలో 39.5 టన్నులున్న బండికి నెలకు 39,500, ఏడాదికి 4 లక్షల 74 వేలు. వేరే ఆదాయం పెద్దగా లేకపోతే కొత్త పన్ను విధానంలో కట్టాల్సింది ఏమీ ఉండదు. రిటర్న్ మాత్రం వేయండి, రెండో బండికి అప్పు అడిగినప్పుడు బ్యాంకు ముందుగా చూసేది అదే. కంపెనీకి పాన్‌తో పాటు పది బండ్లలోపే ఉన్నాయని డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ కోయరు. జీఎస్టీ కూడా, మీరు బండిని ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి అద్దెకిచ్చినంత వరకు మీ మీద పడదు. మీరే ఎల్‌ఆర్ చీటీలు (సరుకు ఎత్తుకున్నట్టు ఇచ్చే రవాణా రసీదులు) కొట్టి ఫ్యాక్టరీకి ఇవ్వడం మొదలుపెడితే ఆ లెక్క మారుతుంది, అప్పుడు ఒక ఆడిటర్‌ను కలిశాకే మొదటి చీటీ రాయండి.